బరువు ఆపరేషన్ అయినవారికి గ్లూకోజ్ ఎక్కించే ముందు

సంపాదకుల వారికి,

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని మూడో రోజుకు ఇల్లు చేరిన మనిషికి నెల తిరక్కుండా వాంతులు పట్టుకుంటే, మొదట చూసేది ఆపరేషన్ చేసిన సర్జన్ కాదు. మాచర్ల వైపు పల్లెలోనో, అవనిగడ్డ వైపు లంకలోనో ఆ రాత్రికి దొరికిన ఆర్‌ఎంపీ. నాలుగు రోజులుగా ఏమీ ఇమడటం లేదు, కళ్ళు పీక్కుపోయాయి, నిలబడలేకపోతున్నారు అని ఇంట్లోవాళ్ళు చెప్పగానే ఆయన చెయ్యి గ్లూకోజ్ సీసా మీదికి వెళుతుంది. మామూలు మనిషికి అది మేలే చేస్తుంది. ఈ మనిషికి మాత్రం అదే సీసా మెదడును దెబ్బతీయవచ్చు. మన రెండు ఊళ్ళ చుట్టుపక్కల ప్రతి క్లినిక్‌కూ, ఆపరేషన్ అయినవాళ్ళున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

కారణం ఇదీ. ఒంట్లో గ్లూకోజ్ శక్తిగా మారాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ కావాలి. ఇది కొవ్వులాగా ఏళ్ళ తరబడి నిల్వ ఉండేది కాదు. తిండి ఆగి, వాంతులు మొదలైతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. అలాంటి సమయంలో ఒక్కసారిగా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదరడం, తాగినవాడిలా నడక తూలడం, మాట తడబడి మనుషులను పోల్చుకోలేకపోవడం దీని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్ళీ రాకుండా పోతుంది. కాళ్ళలో తిమ్మిర్లు, మంటలు ముందుగా వచ్చే హెచ్చరిక. చేయవలసిందల్లా వరస మార్చడమే. ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఆసుపత్రిలో డాక్టర్లు 200 నుంచి 500 మిల్లీగ్రాముల థయమిన్‌ను సెలైన్‌లో కలిపి ఇస్తారు. పల్లెలో అది దొరక్కపోతే డీఎన్‌ఎస్ (గ్లూకోజ్ కలిసిన సెలైన్), 5 శాతం గ్లూకోజ్ జోలికి పోకుండా ఉత్త నార్మల్ సెలైన్‌తో మనిషిని పెద్దాసుపత్రికి పంపాలి. మాత్రలు సరిపోవా అంటే, వాంతులవుతున్నవారికి మాత్ర లోపల నిలవదు.

వాంతులు ఎందుకు అవుతాయో కూడా చెప్పాలి. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి దానికి పేగును కలుపుతారు. రెంటిలోనూ ముద్ద పెద్దదైనా, నమలకపోయినా, గబగబా తిన్నా తిరిగి వచ్చేస్తుంది. అది అలవాటు మార్చుకుంటే పోయే వాంతి. కానీ నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, మొన్నటిదాకా దిగిన పెరుగు కూడా ఇవాళ దిగడం లేదంటే అతికిన చోట దారి సన్నబడి ఉండవచ్చు. ఎండోస్కోపీ ద్వారా బెలూన్‌తో దాన్ని వెడల్పు చేస్తారు. 24 గంటలు నీళ్ళు కూడా ఇమడకపోతే తెల్లారనిద్దాం అని ఆగకూడదు.

ఇంత దూరం రాకుండా ఉండాలంటే పని ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. అసలు ఎవరికి చేయాలి అన్న దాని మీదే చాలామందికి తప్పు లెక్కలున్నాయి. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలోకి మార్చి, ఆ ఎత్తుతో బరువును రెండుసార్లు భాగించండి. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే ఈ లెక్కనే బీఎంఐ అంటారు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి, అంటే 1.63 మీటర్లు, వంద కిలోలుంటే బీఎంఐ 37.6 వస్తుంది. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 35 దాటితే జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు, ఆసియా వాసులకు 27.5 నుంచే పరిశీలించవచ్చు. బీమా కంపెనీ లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం 18 ఏళ్ళు నిండి ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు లాంటిది తీవ్రంగా ఉండాలి. తేలికపాటి పద్ధతులు ప్రయత్నించి ఫలించలేదని కూడా చూపించాలి. అందుకే డైట్ చీటీలు, షుగర్ రిపోర్టులు పారేయకుండా ఫైలులో పెట్టుకోండి.

పరీక్షల్లో రెండు మూడింటిని జనం ఖర్చు దండగ అనుకుంటారు. ఎండోస్కోపీ అందులో మొదటిది. పొట్టలో పుండు, హెచ్ పైలోరి క్రిమి, ఛాతీలోకి జారిన హెర్నియా ముందే తెలిస్తే ఏ ఆపరేషన్ చేయాలో నిర్ణయమే మారిపోతుంది. గుండెల్లో మంట బాగా ఉన్నవారికి స్లీవ్ చేస్తే అది పెరిగే ప్రమాదం ఉంది, బైపాస్ నయం. రెండోది నిద్ర పరీక్ష. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి మత్తు ఇచ్చాక ప్రమాదం ఎక్కువ. నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రం రాస్తే ఆపరేషన్‌కు ముందే వాడటం అలవాటు చేసుకుని, ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాలి. మూడోది బి12, డి విటమిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెర్రిటిన్. లావుగా ఉన్నవారికి ఒంట్లో అన్నీ పుష్కలంగా ఉంటాయనుకోవడం పొరపాటు, వాళ్ళలో చాలామందికి ఇవి తక్కువగా ఉంటాయి. ఆపరేషన్‌కు ముందే సరిచేసుకోవాలి.

ఇక లివర్ సంగతి. లివర్ ఎడమ భాగం పొట్ట పైకొసను కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్‌ను పక్కకు ఎత్తితేగానీ సర్జన్‌కు పని చేసే చోటు కనిపించదు, బలవంతాన ఎత్తితే చిట్లి రక్తం కారుతుంది. అందుకే రెండు వారాల ముందు నుంచి రోజుకు 800 నుంచి 1200 క్యాలరీల ఆహారం మాత్రమే ఇస్తారు. అన్నం, ఇడ్లీ, దోసె, పంచదార ఆగితే లివర్‌లోని గ్లైకోజన్ (నిల్వ చేసుకున్న గ్లూకోజ్), దానితోపాటు పట్టుకుని ఉన్న నీరు ముందు ఖర్చవుతాయి, లివర్ కుదించుకుపోతుంది. వెన్న తీసిన పాలు, పలుచని మజ్జిగ, పెసరకట్టు, కోడిగుడ్డు తెల్లసొన, సొరకాయ, బీరకాయ సూపు, ప్రొటీన్ పొడి ఈ రెండు వారాల తిండి. సరిగ్గా ఇక్కడే మన ప్రేమలు అడ్డం వస్తాయి. ఇక ముందు తినలేరు కదా పాపం అని ఆఖరి వారంలో అక్క ఇంట్లో బిర్యానీ, మేనమామ ఇంట్లో బొబ్బట్లు పెడతారు. రెండు వారాల కష్టం ఆ రెండు పూటల్లో పోతుంది. పిలవాలనుకున్నవాళ్ళు ఆరు నెలల తర్వాత పిలవండి.

షుగర్ ఉన్నవారు ఈ రెండు వారాల తిండిని డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, కొందరు డాక్టర్లు ఈ తిండి మొదలైన రోజే ఆపిస్తారు. లేకపోతే షుగర్ రీడింగు మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది. గ్లూకోమీటర్ చూసి అంతా బాగుందనుకుంటారు కాబట్టి ఇది మరీ మోసకారి. వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదులు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు చెప్పి తీరాలి, వాటివల్ల పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట కనీసం ఆరు వారాల ముందు మానాలి. పొగతో కుట్లు మానవు, బైపాస్ అయినవారికి అతికిన చోట పుండు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు రక్తం గడ్డల భయం ఉంది కాబట్టి ముందే చెప్పాలి.

ఆపరేషన్ రోజు గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. నాలుగైదు చిన్న రంధ్రాలు, ఒకటి రెండు గంటల పని. సాయంత్రానికే లేపి నడిపిస్తారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరకుండా ఉండటానికే ఆ నడక, ఆ హెపారిన్ సూదులు. మూడు బంతుల గొట్టంతో గంటకు పదిసార్లు ఊపిరి పీల్చాలి. భుజం నొప్పి రెండు రోజులుంటుంది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల వచ్చేది అది. అయితే భుజం నొప్పితోపాటు నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం 101 చేరినా, ఆయాసం వచ్చినా అది గ్యాస్ కాదు. కుట్ల దగ్గర లీకు అయి ఉండవచ్చు. ఇది నూటికి ఒకరికి అటూ ఇటుగా జరుగుతుంది, చాలావరకు మొదటి పది రోజుల్లోనే. జ్వరం కంటే నాడి ముందు చెబుతుంది. అందుకని ఇంటికి వెళ్ళాక పది రోజులపాటు ఉదయం, సాయంత్రం నాడి చూసి పుస్తకంలో రాయండి.

ఇంటికి వచ్చాక మొదటి శత్రువు ఆకలి కాదు, దాహం. రోజుకు లీటరున్నర నీళ్ళు లోపలికి పోవాలి, సంచి చూస్తే ఒకటి రెండు గుక్కలకు మించి పట్టదు. లెక్క ఇలా వేసుకోండి. పదిహేను నిమిషాలకు 30 మిల్లీలీటర్లు, గంటకు 120, మెలకువగా ఉన్న 14 గంటలకు దాదాపు 1,700. పసిపిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నె ఈ పనికి చక్కగా సరిపోతుంది, దగ్గు మందు సీసా మూతైతే మూడు మూతలు. స్ట్రా వద్దు, గాలి మింగుతారు. గోలీ సోడా, కూల్‌డ్రింకు వద్దే వద్దు. బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ పెట్టుకున్నవారు ఈ లెక్కను మరింత గట్టిగా పాటించాలి. చెమటలో పోయిన నీరు ఒక్కసారిగా చెంబెడు తాగి పూడ్చుకునే వీలు ఇప్పుడు లేదు. మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా నీళ్ళు చాలలేదన్నమాట. బీపీ మాత్రలో నీరు దిగే మందు కలిసి ఉంటే దాన్ని ఆపాలేమో ఆరోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఆపరేషన్ తర్వాత తిరిగి ఆసుపత్రిలో చేరేవారిలో నీరు తగ్గడం వల్ల వచ్చేవాళ్ళే ఎక్కువ.

తిండి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు వడకట్టిన చారు, కొబ్బరినీళ్ళు. రెండు వారాల వరకు పాలు, మజ్జిగ, వడకట్టిన పెసరకట్టు, ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మిక్సీ పట్టినవి. ఆ తర్వాత రెండు వారాలు చెంచాతో నలిగేవి, అంటే ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, పనీరు, మెత్తటి పప్పు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో రోజులు కాస్త మారితే ఆ కాగితమే పాటించండి. గుంటూరు కారం, గోంగూర పచ్చడి, ఆవకాయ కనీసం రెండు నెలలు మరచిపోవాలి.

ఈ దశలో మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు రాగి జావ. చలువ చేస్తుందని రోజుకు నాలుగు గ్లాసులు ఇస్తారు. గ్లాసులో 20 గ్రాముల రాగిపిండి ఉంటే అందులో ప్రొటీన్ గ్రామున్నర మాత్రమే. కావలసింది రోజుకు 60 నుంచి 80 గ్రాములు. జావతో సంచి నిండిపోతుంది, ప్రొటీన్‌కు చోటుండదు, కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. రెండో వారంలో అర లీటరు వెన్న తీసిన పాలతో 17 గ్రాములు, రెండు కొలతల ప్రొటీన్ పొడితో 48 గ్రాములు వస్తాయి. అయిదో వారానికి రెండు గుడ్లు 12, చేప 60 గ్రాములు తింటే 12, గిన్నెడు పెరుగు 7, గ్లాసు పాలు 7, అరకప్పు పప్పు 4, ఒక కొలత పొడి 24, వెరసి 66. శాకాహారులు గుడ్డు, చేపల బదులు పనీరు, మీల్ మేకర్ పెంచుకోవాలి. 20 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 10 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కానీ బాగా నానబెట్టి, మెత్తగా ఉడికించి, పొడి పొడిగా చేసి తినాలి.

కంచంలో వరస కూడా తిరగబడాలి. అన్నంతో మొదలుపెట్టే అలవాటు మనది. ఇప్పుడు ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చివర చోటుంటే రెండు చెంచాల అన్నం. మెత్తటి ముద్దన్నం సంచి మూతి దగ్గర బంకలా అంటుకుంటుంది. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. బైపాస్ అయినవారు బందరు లడ్డూ, చెరకు రసం, నూజివీడు రసాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే అరగంటలోపు గుండె దడ, చెమటలు, విరేచనం వస్తాయి, గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోతుంది.

మాత్రలు బరువు తగ్గాక మానేసేవి కావు, జీవితాంతం వేసుకోవలసినవి. రోజూ మల్టీవిటమిన్. కాల్షియం 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి 500కు మించకుండా మూడు పూటలా. అది సిట్రేట్ అయి ఉండాలి, కార్బొనేట్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, ఇప్పుడది తక్కువ. నెలసరి వచ్చే స్త్రీలకు ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్య రెండు గంటలు ఉండాలి. టీతో ఐరన్ అసలే వద్దు. బి12 రోజూ మాత్రగానో, నెలకోసారి 1,000 మైక్రోగ్రాముల సూదిగానో. థయమిన్ మొదటి నెలల్లో విడిగా 50 మిల్లీగ్రాములు రోజూ వేసుకోవడం మంచిది. పిత్తాశయం ఉన్నవారికి రాళ్ళు రాకుండా ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్ర ఆరు నెలలు రాస్తారు, ఖరీదని మధ్యలో ఆపకండి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా రక్త పరీక్షలు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే ఏడాది లోపు తిరిగి వస్తుంది, నూనెలకు డబ్బు తగలేయనక్కర్లేదు.

నడక మొదటి రోజు నుంచే. బరువులు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు అయిదు కిలోలు దాటకూడదు. అంటే నిండు బిందె ఎత్తకూడదు, గ్యాస్ బండ జరపకూడదు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవారు ఆరు వారాల దాకా పనికి వెళ్ళకూడదు.

భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష, కార్తీక ఉపవాసాలు, రంజాన్ రోజా మొదటి ఏడాది పెట్టుకోవద్దని మా విన్నపం. ఒక్క పూట భోజనంతో ఈ సంచికి ప్రొటీన్ పట్టదు, పగలంతా నీళ్ళు లేకుండా ఉంటే ఏమవుతుందో పైన చెప్పాం. అలాగే కొత్తగా పెళ్ళైన, పీసీఓడీ ఉన్న అమ్మాయిలకు ఒక మాట. బరువు తగ్గగానే నెలసరి కుదురుకుని, అనుకోకుండా గర్భం నిలుస్తుంది. 12 నుంచి 18 నెలలు ఆగాలి, బిడ్డకు పోషకాలు చాలవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద నమ్మకం పెట్టుకోకుండా వేరే పద్ధతి అడగండి. అత్తగారికి ఈ విషయం డాక్టర్ నోటితోనే చెప్పించడం మేలు.

చివరగా మా అభ్యర్థన. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో మూడు పేజీలుంటుంది, రాత్రి వేళ పల్లెలో దాన్ని చదివేవారు ఉండరు. ప్రతి ఆసుపత్రీ పర్సులో పట్టేంత కార్డు తెలుగులో ఇవ్వాలి. మీరు కూడా జిల్లా పేజీలో ఈ కింది మాటలను పెట్టె కట్టి, కత్తిరించుకునే సైజులో ప్రచురించగలరు:

‘నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. స్లీవ్ / బైపాస్. తేదీ: ........ వాంతులుంటే ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సూది గానీ మాత్ర గానీ వద్దు, పుండు పడుతుంది. నొప్పికి పారాసెటమాల్. సర్జన్‌ను అడగకుండా ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయవద్దు. నాడి 120 దాటినా, విరేచనం నల్లగా అయినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే పంపండి. బైపాస్ అయిన ఏళ్ళ తర్వాతైనా కడుపులో మెలితిప్పే నొప్పి వస్తే సీటీ స్కాన్ తీయాలి, పేగు ఇరుక్కుని ఉండవచ్చు. సర్జన్ ఫోన్: ........’

ఇట్లు,
బరువు ఆపరేషన్ రోగులకు ఆహార సలహాలిచ్చే డైటీషియన్లు, వార్డు నర్సులు,
విజయవాడ